మగ్గాలు ఆగిన మంగళవారం

వనపర్తిలో చదువుకునే రోజుల్లో మా గది కింద ఒక టీ హోటలు ఉండేది. శనివారం సాయంత్రం కాలేజీ వదలగానే కొందరం అక్కడ చేరి, ఒక అంశం పెట్టుకుని, రెండు పక్షాలుగా చీలి వాదించుకునేవాళ్ళం. పెళ్ళికి ముహూర్తం ఎందుకు, చావుకు మైల ఎందుకు, పిల్లి ఎదురొస్తే ఆగాల్సింది మనిషా పిల్లా, ఇలాంటివే అన్నీ. చీటీలో ఏ పక్షం వస్తే ఆ పక్షం మాట్లాడాలని నియమం. నేను ఆ నియమాన్ని ఎన్నడూ పాటించలేదు. ముహూర్తాన్ని సమర్థించమని చీటీ వస్తే చీటీ చింపేసేవాణ్ణి. అప్పటికే నాకు కోపం ఎక్కువ. ఇప్పటికీ తగ్గలేదు.

ఒక వారం అంశం ఇది: ఎన్నికలు పెట్టడానికి వారంలో ఏ రోజు మంచిది? మంగళవారం నామినేషన్ వేయనని భీష్మించిన ఒక అభ్యర్థి కథ ఆ రోజుల్లో టీ హోటల్లో నలిగేది. నేను లేచి నిలబడి చాలాసేపు మాట్లాడాను. సోమవారానికీ మంగళవారానికీ మధ్య ఆకాశంలో గోడ లేదన్నాను. వారానికి ఏడు రోజులని లెక్క కట్టింది మనిషి, గ్రహాలు కాదన్నాను. ఏ రోజైనా ఒకటే, చర్చ అనవసరం అన్నాను. ఒకడు ఆదివారం సెలవు కాబట్టి ఆదివారమే మంచిదన్నాడు. ఇంకొకడు ఆదివారం పెడితే పట్నంవాళ్ళు ఓటు మానేసి నిద్రపోతారన్నాడు.

చివరికి మా ఉప్పునుంతల మిత్రుడు నోరు తెరిచాడు. మాలో తక్కువ మాట్లాడేవాడు అతనే. అమ్మానాన్న మట్టిపనికి వలస పోయేవాళ్ళు. ఇంటి తాళంచెవి అతని నడుముకే ఉండేది.

"మీరు వారం అడుగుతుండ్రు. మా ఇంట్ల నెల అడగాలె. మా అమ్మ ఊర్ల ఉండే నెల చూసి పెట్టుండ్రి, ఏ వారం పెట్టినా ఏస్తది" అన్నాడు.

అంతలో హోటలు యజమాని తడిబట్ట పట్టుకుని వచ్చాడు. "సర్కారు మీ మాట ఇననీకె ఇంక జర టైము పడ్తది గని, లేవుండ్రి, బెంచీలు తుడవాలె" అన్నాడు. అందరం నవ్వుతూ లేచాం. ఆ నవ్వులు, ఆ బెంచీల మీది తడి, రోడ్డు మీద చివరి బస్సు హారను. వాదనకు అంతకంటే మంచి చోటు నాకు మళ్ళీ దొరకలేదు.

అదే చర్చ చాలా ఏళ్ళ తర్వాత గద్వాలలో మా వీధికి వచ్చింది. ఈసారి చీటీలు లేవు. మా మేనత్త మగ్గం ఉంటుందా పోతుందా అన్నది దాని మీద ఆధారపడి ఉండింది.

గద్వాల కొత్తగా జిల్లా అయిన రోజులు. నేను నాగర్‌కర్నూల్‌లో కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. సెలవు దొరికితే బస్సెక్కి, వనపర్తి మీదుగా, కృష్ణ దాటి ఇంటికి వచ్చేవాణ్ణి. మా నాయన పోయాక ఆ ఇంట్లో మిగిలింది అత్త ఒక్కతే. ఆమెది రాయచూరు దిక్కు సంసారం. భర్త పోయాక తన మగ్గాన్ని విప్పించి, బండిలో వేసుకుని పుట్టింటికి తిరిగివచ్చి, ముందుగదిలో కాళ్ళు దించి కూర్చునే గుంత తవ్వించి మళ్ళీ బిగించుకుంది. ఆడవాళ్ళు దారం కండెలు చుట్టాలి, మగవాళ్ళు నేయాలి అన్న మా వీధి పద్ధతిని ఆమె ఎవరితోనూ వాదించకుండానే పక్కన పెట్టింది. వాదించడం నా పని, నేయడం ఆమె పని.

మా వీధి నేతవాళ్ళకు ఒక సంఘం ఉండేది. దానికి ఒక పొడుగాటి రేకుల షెడ్డు ఉండేది. పడుగు, అంటే చీరకు నిలువుగా సాగే దారాలన్నీ, ఒకచోట పొడవునా గుంజి కట్టి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. అందుకు పెద్ద జాగా కావాలి. ఒకప్పుడు వీధే ఆ జాగా. పొద్దున్నే వీధి పొడవునా రంగురంగుల దారాలు సాగి ఉంటే స్కూలుకు పోయే మేము వంగి వంగి కింద నుంచి దూరేవాళ్ళం. తర్వాత వీధికి సిమెంటు వచ్చింది, సిమెంటు మీదికి మోటారుసైకిళ్ళు వచ్చాయి, వాటి వెనక కార్లు వచ్చాయి. పెరడు ఉన్నవాళ్ళు పెరట్లో గుంజుకున్నారు. పెరడు లేని అత్తలాంటి వాళ్ళకు షెడ్డు తప్ప దిక్కు లేదు.

సంఘం అధ్యక్షుడు ఆ షెడ్డును ఒక చీరల వ్యాపారికి గోదాముగా ఇచ్చేద్దామన్నాడు. మూటలు కొన్ని అప్పుడే ఒక మూలకు చేరాయి. అధ్యక్షుడు మాకు చుట్టమే. అత్తకు బావ వరస, నాకు మామ. ఒకప్పుడు మంచి నేతగాడు. మోకాళ్ళు పట్టేశాక మగ్గం తీసేసి చీరల కొట్టు పెట్టుకున్నాడు. చెడ్డవాడని చెప్పను. రేకులు కారుతున్నాయి, మగ్గాలు తగ్గిపోతున్నాయి, కిరాయి వస్తే సంఘం నాలుగు కాలాలు నిలుస్తుందని అతని లెక్క.

"షెడ్డు పోతె నేను పడుగు యాడ గుంజాలె బావా, నీ కొట్టు ముందరనా?" అని అత్త అడిగింది.

"ఇంక ఎన్నాళ్ళు నేస్తవు మరదలా? కండ్లు పోయినంక నేసేది ఏముంది? ఏదన్న కొట్ల చీరలు మడత పెట్టుకుంట కూసో, నీడపట్టున."

ఆ మాటకు అత్త ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు అధ్యక్ష పదవికి తాను నిలబడతానని చెప్పింది.

మా సంఘంలో ఎన్నిక అంటే ఏమిటో చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నం మామ ఇంట్లో కూర్చునేవాళ్ళు. ఎవరో ఒకరు ఆయన పేరు చెప్పేవాళ్ళు, చేతులు లేచేవి, టీ చల్లారేలోపు అయిపోయేది. ఆ చేతులు ఎవరివి? కొట్లలో, ఆఫీసుల్లో కుదిరినవాళ్ళవి. సభ్యత్వం తాతలది, మగ్గం మాత్రం లేదు. నాయన సభ్యత్వం నా పేరుకు మారింది కాబట్టి వాళ్ళలో నేనూ ఒకణ్ణి. మగ్గం మీద కూర్చున్నవాళ్ళు ఆ సభలకు వచ్చేవాళ్ళు కాదు. మగ్గానికి ఆదివారం లేదు. వారంలో ఏ రోజూ దానికి సెలవు కాదు. మా నేతవాళ్ళకు సెలవు నెలకు ఒక్కసారి, అమాసనాడు.

అత్త ఈసారి ఎన్నిక రోజు అందరూ కూర్చుని నిర్ణయించాలని పట్టుబట్టింది. షెడ్డులోనే సభ పెట్టారు. ఆమె కోసం మగ్గాలు దిగి వచ్చినవాళ్ళు కొందరు, కొట్లవాళ్ళు చాలామంది. నేనూ బస్సెక్కి వచ్చాను.

"ఎప్పటి లెక్క ఆదివారం పెడ్దాం" అన్నాడు మామ.

"ఆదివారం నీకు సెలవు. నాకు గాదు" అంది అత్త.

"ఒక గంట దిగి రారాదా?"

"గుంతలకెల్లి కాళ్ళు తీస్తె మళ్ళ పని చేతికి ఎక్కనీకె పొద్దు గడుస్తది. నువ్వు మర్చిపోయినవు బావా. కొట్ల మెత్తటి పరుపు మీద కూసున్నంక గుంత యాదికి ఉంటదా?"

నవ్వులు లేచాయి. మామ కూడా నవ్వాడు. "సరె, సోమవారం?"

"సోమవారం మాకు రాయచూరు నుంచి గిరాకి వస్తది" అన్నాడొక కొట్టు మనిషి. మంగళవారం పేరు ఎవరూ ఎత్తనే లేదు. బుధవారం నల్లా నీళ్ళు వచ్చే రోజు, బిందెలు వదిలి ఎవరు వస్తారని వెనక నుంచి ఆడవాళ్ళు అరిచారు. గురువారం కొందరికి ఉపవాసం. శుక్రవారం అనగానే ఒక ముసలాయన కర్ర ఎత్తాడు.

"శుక్రవారం పూట ఇంట్లకెల్లి ఏదన్న బయటికి ఇస్తరా? ఓటు ఇచ్చుడు గూడ ఇచ్చుడేనాయె!"

"తాతా, నీ ఓటు లచ్చిమా ఏంది, పోతె మళ్ళ రాకపోనీకె?" అని ఎవరో అన్నారు. శనివారం నేసిన చీరలు అప్పజెప్పే రోజు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వనపర్తి టీ హోటలులో లేచినట్టే లేచాను. వారానికి ఒక దేవుణ్ణి, దేవుడికొక అడ్డాన్ని పెట్టుకుని కూర్చుంటే మనిషికి మిగిలేది ఏ రోజని అడిగాను. సోమవారానికీ మంగళవారానికీ మధ్య గోడ కట్టింది ఎవరని అడిగాను. ఎవరూ వినడం లేదు. వెనక వరసలో పిల్లికూతలు మొదలయ్యాయి.

"సాలు తియ్యి అల్లుడా" అన్నాడు మామ, నవ్వు ఆపుకుంటూ. "వారమంత అయిపాయె. ఇగ మిగిలింది అమాసనే. అమాసనాడు పెట్టుకోండ్రి ఎన్నిక!"

షెడ్డు రేకులు అదిరేలా నవ్వారు. అమాసనాడు మంచి పని మొదలుపెట్టేవాడు మా దిక్కు లేడు. ఆ నవ్వు ఆగేదాకా చూసి అత్త అంది:

"పెట్టు."

"ఏంది?"

"నువ్వే అంటివి, ఇంతమంది ముందర. అమాసనాడు పెట్టు. ఆ రోజు ఒక్కటే మా కాళ్ళు గుంతల ఉండయి."

మగ్గాలు దిగి వచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో "అవునాయె" అన్నారు. ఇంకొకరు అన్నారు. మామ కాసేపు తల గోక్కున్నాడు. అమాసనాడు ఓటు వేయడానికి వచ్చేదెవరులే అనుకున్నాడేమో, ఒప్పుకున్నాడు. తానే సుద్దముక్క తీసుకుని షెడ్డు తలుపు మీద పెద్ద అక్షరాలతో రాశాడు: అమాసనాడు ఎన్నిక. అందరు రావాలె.

వారం రాయలేదు. ఏ వారం పేరు రాసినా మళ్ళీ గొడవ మొదలవుతుందని భయం. తేదీ రాయడం ఎవరికీ తోచలేదు. అమాస ఎప్పుడో తెలియనివాళ్ళు మా వీధిలో ఉంటారా?

అమాస సెలవు మీద నేను కుర్రతనంలో ఒక వ్యాసం రాశాను. చంద్రుడు కనబడకపోతే మగ్గం ఎందుకు ఆగాలి, వారానికోసారి న్యాయంగా సెలవు తీసుకోండి అని. మా నాయన దాన్ని చదివించుకుని విని, "ఇచ్చేటోడెవడురా?" అని మాత్రం అన్నాడు. కొన్నాళ్ళకు నాకు ఇంకో సంగతి అర్థమైంది. చంద్రుడితో ఆ సెలవుకు సంబంధం లేదు. రోజంతా గుంతలో కాళ్ళు పెట్టి కూర్చునే మనిషికి ఎవరో ఒక తెలివైన పూర్వీకుడు దేవుడి పేరు చెప్పి ఒక రోజు దొంగిలించి పెట్టాడు. పని చెప్పేవాడు సెలవు అడిగితే ఇవ్వడు గానీ దేవుడంటే భయపడతాడు కదా. ఆ పూర్వీకుడికి నేను దండం పెడతాను. ఇక అమాస చెడ్డదన్న మాట అంటారా, మా అత్త సంసారం చేసిన రాయచూరు దిక్కు పోయి చూడండి. అక్కడ అమాసలకు బూరెలు వండుకుని చేన్లోకి పోయి పండుగ చేసుకుంటారు. ఒకటే చంద్రుడు సరిహద్దుకు ఇటు చెడిపోయి, అటు బాగుపడతాడా?

ఎన్నిక నడిపే మనిషి వీధివాడు కాకూడదని అందరూ అన్నారు. నేను ఉప్పునుంతల మిత్రుణ్ణి పిలిచాను. అప్పటికి వనపర్తిలో బడిపంతులుగా పని చేస్తున్నాడు. చర్చికి పోయే మనిషి, మా వీధిలో ఎవరికీ చుట్టం కాడు, మాట తక్కువ. అన్ని వైపులా ఒప్పుకున్నారు. మామ గుర్తు గొడుగు. అత్త నాడె అడిగింది. మగ్గం మీద అడ్డదారాన్ని అటూ ఇటూ మోసుకుపోయే చెక్క అది. ఓట్ల డబ్బాగా ఒక రేకు డబ్బా మూతకు సందు కోశారు.

ఆ నెల అమాస రెండు రోజుల మీద పడింది. సోమవారం మధ్యాహ్నం మొదలై మంగళవారం మధ్యాహ్నానికి పోతుంది. మా మగ్గాలకు ఒక పద్ధతి ఉంది: సూర్యుడు పొడిచేటప్పుడు అమాస ఏ రోజున ఉంటే ఆ రోజే సెలవు. అంటే మంగళవారం. కొట్లలో వేలాడే క్యాలెండరు మాత్రం సోమవారం గడిలోనే నల్లచుక్క పెట్టింది. కొట్లవాళ్ళకు రాత్రి చీకటే లెక్క. మామ మగ్గం దిగి చాలా ఏళ్ళయింది, క్యాలెండరే చూశాడు. అది మోసమని ఆ రోజు నేను కేకలు వేశాను గానీ, కాదు, మరుపు. మగ్గం వదిలినవాడు ముందుగా మరిచిపోయేది మగ్గం అమాసనే కాబోలు.

ఎన్నిక రేపని ముందురోజే వచ్చి, సోమవారం మధ్యాహ్నం నేను బస్టాండు హోటల్లో భోజనానికి కూర్చుంటే మిత్రుడు ఫోను చేశాడు. "మీ మామ రమ్మంటె వచ్చిన. షెడ్డుల జనం ఉన్నరు. నీవు యాడున్నవు?"

పరుగెత్తాను. షెడ్డు నిండా కొట్లవాళ్ళు, తెల్లచొక్కాలు. అమాసకు భయపడి కొందరు రాలేదు గానీ వచ్చినవాళ్ళు చాలు. బల్ల మీద డబ్బా పెట్టి ఉంది. అత్త మనుషులు ఒక్కరూ లేరు. నేను వెనక్కి తిరిగి ఇంటికి, అత్త దగ్గరికి పరుగెత్తాను. ఆమె మగ్గం మీద ఉంది. నాడె ఆగలేదు.

"అత్తా, షెడ్డుల ఎన్నిక పెడుతున్నరు!"

"ఇయ్యాల యాడి అమాసరా? అమాస రేపు గదా."

"క్యాలెండర్ల ఇయ్యాలనే ఉంది."

"క్యాలెండరు వచ్చి నేస్తదా?"

"నువ్వు దిగి రా ముందు. అందరిని పిలుస్త. ఇప్పుడు రాకపోతె షెడ్డు పోతది!"

ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి. నాకు తెలుసు, ఆ షెడ్డు పోతే ఈ మగ్గం మళ్ళీ విప్పాల్సిందే, ఈసారి బిగించుకునే చోటు ఉండదు. అయినా నాడె మళ్ళీ విసిరింది.

"నేను దిగితె ఇయ్యాల అమాస అని నా నోటితోని ఒప్పుకున్నట్టె. నేను దిగ. నువ్వు పో, నీ దోస్తుకు చెప్పు."

నేను తిరిగి వచ్చేసరికి మామ గట్టిగా అరుస్తున్నాడు. "తలుపు మీద రాసి ఉంది, అమాసనాడు అని. అమాస పడ్డది. వచ్చినోళ్ళు వచ్చిండ్రు. డబ్బా తెరువు సారూ!"

నేను వాదనకు దిగాను. తిథి, సూర్యోదయం, ఆచారం అంటూ పంచాంగం మాటలు నా నోట్లోంచి వస్తుంటే నాకే సిగ్గేసింది. మిత్రుడు మా ఇద్దరినీ చూశాడు. చేయి ఎత్తి ఆగమన్నాడు. లేచి షెడ్డు బయటికి పోయాడు. వెనకే మేమందరం పోయాం. వీధి మధ్యలో నిలబడి తల వంచి వింటున్నాడు.

మధ్యాహ్నం ఎండ. ఒక గోడ వెనక టకటక, ఇంకొక గోడ వెనక టకటక, దూరంగా ఇంకొకటి. మా వీధి చప్పుడు. పుట్టినప్పటి నుంచి వింటూ వినడం మానేసిన చప్పుడు.

"ఏం చూస్తున్నవు సారూ?" అన్నాడు మామ.

"చూస్తలేను, వింటున్న. మీ అమాస నాకు తెల్వదు. పంచాంగం రాదు. మగ్గాలు ఆగే రోజు ఎన్నిక అని గదా మీరు అనుకున్నది?"

"అవు."

"ఆగలేదు గదా."

మామ తల తిప్పి గోడల వైపు చెవి పెట్టాడు. ఆయన కూడా విన్నాడు. ఒక కొట్టు మనిషి "ఇదేం న్యాయం?" అని ఎగిరాడు. మామే వాడి భుజం మీద చేయి వేశాడు. "ఇడువురా. మగ్గం నడుస్తుంటె అమాస అనొద్దు" అన్నాడు. ఆ మాట కొట్టు యజమానిది కాదు, పాత నేతగాడిది.

మంగళవారం తెల్లవారేసరికి వీధి మూగబోయింది. గుంతల మీద చెక్కలు కప్పి, మగ్గాలకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయలు కొట్టారు. అత్త తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని గడప దగ్గరికి వచ్చి నిలబడిపోయింది.

"ఏమైంది?"

"అమాస ఒకటి, మంగళారం ఒకటి. రెండూ ఒక్కనాడే." ఆమె తలుపు పట్టుకుంది. "భయమైతుందిరా."

నేను నోరు తెరిచాను.

"ఉపన్యాసం మొదలుపెడితె పొయ్యిలకెల్లి కట్టె తీస్త, చెప్తున్న."

మూసుకున్నాను. ఆమె మగ్గం వైపు చూసింది. గోడ మీది భర్త ఫోటో వైపు చూసింది.

"ఆయనతోని నా పెండ్లికి మా నాయన ముగ్గురు అయ్యగార్లను అడిగి ముహూర్తం పెట్టించె. ఎంత మంచి ముహూర్తమో. ఏం నిలిచింది?" అంది. తర్వాత చెప్పులు వేసుకుంది.

ఆ పొద్దున షెడ్డు ముందు నిలబడ్డ వరుస నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. పగటి ఎండలో నేను ఎన్నడూ చూడని ముఖాలు వచ్చాయి. ఎండకు కళ్ళు చిట్లించుకుంటూ, కాళ్ళు చాపుకుంటూ, ఒకరి నడుము నొప్పి ఇంకొకరు అడుగుతూ వచ్చారు. శుక్రవారం తాత కర్ర ఊపుకుంటూ అందరికంటే ముందు ఉన్నాడు. కొట్లవాళ్ళలో కొందరు ఇంటి తలుపు దాటలేదు. వచ్చినవాళ్ళు గబగబా వేసి, ఇంటికి పోయి కాళ్ళు కడుక్కున్నారు. నేను నా ఓటు వేశాను. ఎవరికని చెప్పక్కర లేదు. మామ వచ్చి, వరుస పొడవు చూసి, అత్త పక్కన ఆగాడు.

"నీ నాడె బాగనె తిరుగుతుంది మరదలా."

"నీ గొడుగు ముడుచుకో బావా, వాన లేదు."

సాయంత్రానికి లెక్క తేలింది. పెద్ద తేడా ఏమీ కాదు, అయినా అత్త గెలిచింది. మామ లేచి, గురువారం మంచి రోజు, ఆ రోజు సంఘం అప్పజెప్తానన్నాడు. మూలన ఉన్న వ్యాపారి మూటల మీద చేయి పెట్టి అత్త అడిగింది:

"ఎన్నికకు పనికి వచ్చిన రోజు మూటలు మోయనీకె పనికి రాదా?"

మామ ఆమె వైపు, మూటల వైపు, గుమిగూడిన జనం వైపు చూశాడు. చొక్కా చేతులు మడిచి మొదటి మూట తానే ఎత్తాడు. మోకాళ్ళు పట్టుకుపోయి మూలిగితే మిత్రుడు ఇంకో చివర పట్టుకున్నాడు.

ఇప్పుడు ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఏ వారం పెడితే జనం ఎక్కువ వస్తారన్న చర్చ పేపర్లలో చదువుతాను. ఆదివారం అంటారు, వారం మధ్యలో అంటారు. ఆ చర్చ చేసేవాళ్ళకు వారానికొక సెలవు ఉంటుంది, అందుకే వాళ్ళకు వారం తప్ప ఇంకేమీ తోచదు. అమ్రాబాద్ అడవి అంచున ఉన్నవాళ్ళకు, గట్టు మండలం మెట్టచేన్లలో ఉన్నవాళ్ళకు, పట్నంలో మేస్త్రి కింద ఇటుకలు మోసేవాళ్ళకు రోజు ఏది చేతిలో ఖాళీగా ఉంటుందో పోయి అడగాలి. రోజుల్లో మంచీ చెడూ లేవని నేను ఇప్పటికీ అంటాను, గట్టిగా అంటాను. కానీ ఏ రోజైనా ఒకటే అన్న మాట మానేశాను. రోజులు ఎవరో ఒకరి చేతిలో ఉంటాయి. ఎవరి చేతిలో ఉన్నాయో చూడకుండా ఎన్నిక పెడితే వాళ్ళ ఇష్టమే గెలుస్తుంది.

ఎన్నిక మర్నాడు, బుధవారం, నాకు నాగర్‌కర్నూల్‌లో పొద్దుటి క్లాసు. తొలి బస్సుకు సంచి భుజాన వేసుకుని బయలుదేరితే అత్త షెడ్డు తలుపు దగ్గర నుంచి కేకేసింది. లోపల ఆ చివర నుంచి ఈ చివరకు పడుగు సాగి ఉంది. ఎర్రటి దారాలు, మీద గంజి తడి, రేకుల సందులోంచి పడే వెలుతురు. చిన్నప్పుడు వీధిలో వంగి దూరిన ఆ వాసనే.

"సంచి పెట్టి ఈ కొస పట్టు. గట్టిగ పట్టు, మెత్తటి చేతులు."

పట్టాను. ఎదురుగా కుంచె పట్టుకుని మామ నిలబడి ఉన్నాడు. ఎవరు పిలిచారో తెలియదు. దారాల మీద కుంచె ఒక్కసారి దువ్వి, వేళ్ళు నలిపి చూసుకున్నాడు.

"గంజి పల్చగ అయింది మరదలా."

"నువ్వు ఇప్పుడు అధ్యక్షునివి గావు. మాట్లాడక దువ్వు."

ఆయన దువ్వాడు. మోకాళ్ళు వంగడం లేదు గానీ చేయి ఆగకుండా సాగింది, ఒక్క దారం తెగలేదు. నా బస్సు హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. నేను కొస వదలలేదు.